మెడల మేస్త్రి

మా బావ చేతికి తల అప్పగించినవాడెవడూ మెడ మోగించుకోకుండా లేచి వెళ్ళేవాడు కాదు. క్రాఫు అయిపోయి, గడ్డం అయిపోయి, మెడ చుట్టూ పౌడరు అద్ది, గుడ్డ దులిపాక ఆ ముచ్చట ఉండేది. ఒక అరచెయ్యి గడ్డం కింద, ఇంకో అరచెయ్యి తల వెనక పెట్టి, "వదిలెయ్యి... బరువంతా నా చేతుల్లో పెట్టెయ్యి..." అంటూ తలను మెల్లగా అటూ ఇటూ ఊపేవాడు. ఆ మనిషి నిజంగానే వదిలేసిన క్షణం కనిపెట్టి ఒక్క విసురు. టక్! తర్వాత రెండో పక్క. టక్! కూర్చున్నవాడు కళ్ళు మూసుకుని "అబ్బా, ప్రాణం లేచొచ్చింది మేస్త్రీ" అనేవాడు. ఊళ్ళో సగం మందికి మా బావ అసలు పేరు తెలియదు. మెడల మేస్త్రి అంటే చాలు, ఎవరైనా దారి చూపించేవారు.

నాకు ఇదంతా కనిపించడం కంటే వినిపించడం ఎక్కువ. మా బావ సెలూనుకూ నా కుట్టుమిషను షాపుకూ మధ్య ఉన్నది గోడ కాదు, ప్లైవుడ్ పలక. అటు కత్తెర చప్పుడు ఇటు, ఇటు మిషను చప్పుడు అటు. మెడ మోగినప్పుడల్లా అవతల బెంచీ మీదున్న రిటైర్డు బస్సు కండక్టరు "రైట్ రైట్!" అని అరిచేవాడు. ఆ అరుపుకి ఉలిక్కిపడి నేను ఎన్ని కుట్లు వంకర వేశానో ఆ దేవుడికే తెలియాలి. "కండక్టరు గారూ, బస్సు దిగి ఏళ్ళయింది, ఇక ఆ గొంతు కూడా దించండి!" అని పలక మీద కొట్టేదాన్ని. అవతల బెంచీ అంతా గొల్లుమనేది.

ఆ బెంచీ గురించి చెప్పాలి. క్షవరం పని ఉన్నా లేకపోయినా నలుగురైదుగురు దాని మీద చేరేవారు. ఎవరి మెడ ఎంత గట్టిగా మోగింది, ఎవరిది మొండి మెడ, ఎవరిది తొలి విసురుకే పలికింది... ఇదే వాళ్ళ పొద్దుపోక. మొండి మెడ వాడొస్తే పందాలు కాసుకునేవారు. మా బావ నవ్వి ఊరుకునేవాడు కానీ, లోలోపల పొంగిపోయేవాడు. మనిషి ఎంత సాధువంటే, ఇంట్లో మా అక్క అరిచినా, బడి నుంచి వచ్చిన పిల్లలు నెత్తికెక్కినా, ఉలుకూ పలుకూ ఉండదు. గుమ్మంలో చీమల బారు కనిపిస్తే దాటుకుని వెళ్ళే రకం. ఆయనకి ఉన్న గర్వమంతా ఆ రెండు అరచేతుల్లోనే ఉండేది. తను పని నేర్చుకున్న ముసలాయన దగ్గర్నుంచి మరే ఆస్తీ రాలేదు, ఈ విద్య ఒక్కటే వచ్చిందని చెప్పుకునేవాడు. పెళ్ళైన కొత్తలో మా అక్క మెడ కూడా తిప్పబోయాడట. "సంసారంతో వంగిన మెడ చాలు, నువ్వు కొత్తగా తిప్పక్కర్లేదు" అని చెయ్యి విసిరికొట్టింది. మా అక్క ఒక్కతే తప్పించుకుంది అనేదాన్ని నేను, ఆట పట్టించడానికి.

లెక్కల మాస్టారు ఆ సెలూనుకి బెంచీ వాడు కాదు, కుర్చీ వాడు. మా బావ ఈడువాడే. ఖాళీగా ఉంటే తిన్నగా వచ్చి తిరుగుడు కుర్చీలో కూర్చునేవాడు, తలలో వెంట్రుక ఉందా లేదా అన్నదాంతో పని లేదు. "ఇది నా స్టాఫ్ రూము" అనేవాడు. మా బావని నువ్వనేవాడు, మా బావ ఆయన్ని మీరనేవాడు, అంతే తేడా. మిగతాదంతా ఒకే కంచంలో తిన్నవాళ్ళ వరస. మా అక్క పురిట్లో చావుబతుకుల్లో ఉంటే ఆసుపత్రిలో పక్కన నిలబడింది ఆ మాస్టారే. మా బావ చదువు రాని మనిషి. పిల్లల బడి కాగితాలు దగ్గర్నుంచి దుకాణం అద్దె మాటల వరకూ ఆయన్ని అడక్కుండా ఏదీ చేసేవాడు కాదు.

ఆ రోజు పొద్దున బడికి వెళ్తూ మాస్టారు వచ్చాడు. నేను అప్పుడే షట్టరు ఎత్తి, పలక పక్కన చీపురు పట్టుకుని ఉన్నాను.

"మేస్త్రీ, ఇవాళ క్రాఫు వద్దు, గడ్డం వద్దు. ఈ మెడ ఒక్కటీ చూడు."

"ఏమైంది మాస్టారూ?"

"ఏమో మరి. మొన్నటి నుంచీ ఎడమ పక్క ఇక్కడ, చెవి వెనక నుంచి కిందికి పీకేస్తోంది. ఇలాంటి నొప్పి నాకెప్పుడూ లేదు. తలగడ తేడా అయ్యుంటుంది."

"అంతే, ఇంకేముంటుంది. కూర్చోండి."

కుడి పక్క పలికింది. కండక్టరు "రైట్" అన్నాడు. ఎడమ పక్క తిప్పితే చప్పుడు లేదు. బెంచీ ఊరుకుంటుందా? "మేస్త్రీ, ఇవాళ బండి స్టార్టవలేదే!" అన్నాడు కండక్టరు. "వయసైపోయింది మేస్త్రికి" అని ఇంకెవరో. నవ్వులు. తర్వాత మళ్ళీ ఎడమ పక్కే, ఈసారి గట్టిగా. ఆ చప్పుడు పలక దాటి నా దగ్గరికి కూడా వచ్చింది. బెంచీ చప్పట్లు కొట్టింది. నేను గుమ్మంలోకి వచ్చి తొంగి చూసేసరికి మాస్టారు కుర్చీలోంచి లేచి, కుర్చీ చెయ్యి పట్టుకుని నిలబడి ఉన్నాడు.

"గది గిర్రున తిరిగింది మేస్త్రీ" అన్నాడు నవ్వుతూనే.

"రక్తం పరుగెత్తుతోంది మాస్టారూ, మంచిదే" అన్నాడు మా బావ.

మధ్యాహ్నం బడిలో బోర్డు మీద లెక్క చేస్తూ చేస్తూ మాస్టారు వాంతి చేసుకుని పడిపోయాడు. పిల్లలు కేకలు పెట్టారు. ఆసుపత్రికి చేర్చేసరికి గొంతు బొంగురుపోయింది, మింగబోతే నీళ్ళు ముక్కులోకి వస్తున్నాయి, ఎడమ కంటిరెప్ప వాలిపోయింది. మెదడుకి రక్తం అందక వచ్చిన పక్షవాతం అన్నారు. అసలే ఆయనకి బీపీ. అందరూ బీపీ అనుకున్నారు. బెంచీ కూడా బీపీ అనే అనుకుంది. మెడ తిప్పినందుకు మెదడుకి దెబ్బ తగులుతుందని ఎవరికి తడుతుంది?

మా బావకి తట్టింది. నాకు చెప్పలేదు, మా అక్కకి చెప్పలేదు, కానీ ఆ రోజు నుంచి పలక అవతల మెడ మోగడం ఆగిపోయింది. అడిగినవాళ్ళకి "మణికట్టు బెణికింది" అని చెప్పేవాడు. ఆ మణికట్టుతోనే రోజంతా కత్తెర ఆడించేవాడు. ఎవడైనా మాటవరసకి మాస్టారి ఊసెత్తితే చేతిలో దువ్వెన జారిపోయేది. గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టే ఉండేది మనిషి వాలకం. నాకు అర్థం కాక "ఏంటి బావా, ఎవరి సొమ్ము కాజేశావు?" అని వేళాకోళం ఆడాను. నవ్వుతాడనుకున్నాను. ముఖం తిప్పేసుకున్నాడు.

మాస్టారు ఇంటికి వచ్చాక మా బావ రోజూ పొద్దున్నే పెట్టె పట్టుకుని వాళ్ళింటికి వెళ్ళి గడ్డం గీసి వచ్చేవాడు. ఎవరూ అడగలేదు, తనే వెళ్ళాడు. మాస్టారు ఒక పక్కకి ఒరిగిపోతూ నడిచేవాడు, గోడ పట్టుకుంటే కానీ అడుగు పడేది కాదు. ఇంకో విచిత్రం ఏంటంటే ఆయన ముఖంలో ఎడమ సగానికి వేడీ నొప్పీ తెలియడం మానేశాయి. వేడి తువ్వాలు ముఖం మీద వేస్తే "కుడి పక్క కాలుతోంది, ఎడమ పక్క తడిగా ఉందంతే" అనేవాడట. మా బావ ఆ మాట చెప్పి ఇంట్లో పళ్ళెం ముందు నుంచి లేచిపోయాడని అక్క నాతో అంది.

మాస్టారి భార్య సంగతి మరీ దారుణం. అంతకుముందు మా బావతో రెండు మాటలు కూడా మాట్లాడని ఆవిడ ఇప్పుడు "అన్నయ్యగారూ, అన్నయ్యగారూ" అంటూ కాఫీ కలిపి చేతికిచ్చేది. "సొంతవాళ్ళు కూడా ఇంత చెయ్యరు. మీ రుణం ఎలా తీర్చుకోవాలో" అని కళ్ళు తుడుచుకునేది. ఆ కాఫీ ఎలా గొంతు దిగిందో మా బావకే తెలియాలి. తేలు కుట్టిన దొంగకి అరిచే వీలైనా ఉండదు కదా!

చివరికి ఒకనాడు నేనే నిలదీశాను. సెలూనులో ఎవరూ లేరు. ఆయన అద్దం ముందు కూర్చుని తన రెండు చేతుల వంక చూసుకుంటున్నాడు.

"బావా, అక్క ఏడుస్తోంది. నీకేదో జబ్బు చేసిందని దానికి భయం. నిజం చెప్పు, ఏమైంది నీకు?"

"నాకేమీ కాలేదు. నేనే చేశాను."

"ఏం చేశావు?"

"మాస్టారిని నేనే పడగొట్టాను."

అప్పుడు చెప్పాడు, కుర్చీ చెయ్యి పట్టుకుని నిలబడ్డ ఆ నిమిషం తన కళ్ళ ముందు నుంచి పోవడం లేదని. నాకు ముందు కోపం వచ్చింది. ఇంత మనసులో పెట్టుకుని ఇన్నాళ్ళు మమ్మల్ని కుళ్ళబెట్టాడని. "నీకు పిచ్చి పట్టింది. నువ్వు డాక్టరువా తేల్చడానికి? పెద్దాసుపత్రి వాళ్ళు బీపీ అన్నారు కదా!" అని అరిచాను. అరిచాను కానీ, నా మాట నేనే నమ్మలేదు. ఆ గట్టి చప్పుడు నేనూ విన్నానుగా.

మర్నాడు ఆసుపత్రిలో చూపించుకోవాలంటే మాస్టారిని పట్టుకుని తీసుకువెళ్ళింది మా బావే. అక్కడ ఒక డాక్టరమ్మ, చిన్న వయసే, మెడలోని రక్తనాళాల జబ్బుల మీద పరిశోధన చేస్తోందట. పెద్ద వయసు కాకుండానే పక్షవాతం వచ్చినవాళ్ళందరినీ కూర్చోబెట్టి అడుగుతోంది. మాస్టారిని కూడా అడిగింది. జబ్బు పడే ముందు మెడకి దెబ్బ తగిలిందా, కారు గుద్దిందా, బరువు ఎత్తారా, ఎవరైనా మెడ పట్టి తిప్పారా? మా బావ పక్కనే మాస్టారి చేతికర్ర పట్టుకుని నిలబడి ఉన్నాడు.

మాస్టారు బొంగురు గొంతుతో "లేదండీ" అన్నాడు.

మా బావ వైపు చూడను కూడా చూడలేదట. డాక్టరమ్మ మళ్ళీ అడిగింది. మళ్ళీ "లేదు" అన్నాడు. "అలాగైతే బీపీ వల్లే అనుకోవాలి. మెడ నొప్పి ఇంకా ఉందంటున్నారు కాబట్టి ఎముకల అరుగుదలకి వ్యాయామం చేయించే గదికి పంపిస్తాను" అని, రేపు రమ్మంది. అక్కడ ఉన్నంతసేపూ మా బావ నోరు పెగల్లేదు.

సాయంత్రం దుకాణానికి వచ్చి ఇదంతా చెప్పి, "రేపు ఏదో గదిలో మెడకి పట్టీ కట్టి బరువుతో పైకి లాగుతారట" అన్నాడు. నాకు ఒళ్ళు మండిపోయింది.

"లాగుతారా? ఆ మెడనా? నువ్వు చూస్తూ ఊరుకున్నావా?"

"మాస్టారే లేదన్నారు. ఆయన మాట కాదని నేనెలా..."

"ఆయన నీ కోసం అబద్ధమాడాడు బావా! నువ్వు నీ కోసం నోరు మూసుకున్నావు. రెండూ ఒకటేనా? రేపు అక్కడ ఆ మనిషికి ఏమైనా అయితే అప్పుడు కూడా మణికట్టు బెణికిందంటావా?"

"చెప్తే ఏమవుతుందో తెలుసా నీకు? దుకాణం పోతుంది. ఆ అమ్మ ముఖం నేను చూడలేను. జైల్లో పెట్టినా పెడతారు."

"పెట్టనీ. ఆయన మెడ విరిగాక అద్దం ముందు కూర్చుని చేతులు చూసుకుంటావా? చేతులు కాలాక ఆకులు పట్టుకుంటే ఏం లాభం?"

మరీ అంత మాట అనకుండా ఉండాల్సింది. మా బావ చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. కాసేపటికి ముక్కు తుడుచుకుని, "పొద్దున నువ్వు నాతో రా. ఒక్కణ్ణయితే గుమ్మం దగ్గర్నుంచే వెనక్కి వచ్చేస్తాను" అన్నాడు.

మేము వెళ్ళేసరికే ఆలస్యమైంది. పొడుగాటి గది, కిటికీల పక్కన వరసగా మంచాలు, మూల కుర్చీలో మాస్టారు. గడ్డం కింద ఒక తోలుపట్టీ, తల వెనక ఇంకోటి, రెండూ కలిసి పైన కప్పీ మీదుగా పోయే తాడుకి. తాడు చివర బరువు తగిలించడానికి ఒకాయన వంగి ఉన్నాడు. మాస్టారి భార్య చేతిసంచీ గుండెలకి హత్తుకుని పక్కనే నిలబడింది. మమ్మల్ని చూసి, "రండి అన్నయ్యగారూ, ఇప్పుడే మొదలుపెడుతున్నారు" అంది.

మా బావ గుమ్మంలో ఆగిపోయాడు. వెనక్కి తిరుగుతాడేమోనని నేను ఆయన చొక్కా పట్టుకున్నాను. కానీ ఆయన తిరగలేదు. "ఆపండి!" అని అరిచాడు. నా జీవితంలో మా బావ అరవడం వినడం అదే మొదలు. బరువు పట్టుకున్నాయన ఉలిక్కిపడి వెనక్కి జరిగాడు.

"ఆ మెడ లాగకండి. ఆ మెడ నేను తిప్పాను. పడిపోయిన రోజు పొద్దున నా దుకాణంలో నేనే తిప్పాను."

"మేస్త్రీ, నువ్వూరుకో" అన్నాడు మాస్టారు, పట్టీ బిగించిన దవడ కదలక. ఎవరూ ఆయన మాట వినలేదు. మాస్టారి భార్య మా బావని చూసింది, భర్తని చూసింది, మళ్ళీ మా బావని చూసింది.

పట్టీలు విప్పేశారు. డాక్టరమ్మ పరుగున వచ్చింది. మెడకి స్కానింగు చేయించారు. ఎడమ పక్క రక్తనాళం లోపలి పొర చీలి ఉందట. మందులు మార్చారు, రక్తం గడ్డకట్టకుండా పలచబరిచే మందు మొదలుపెట్టారు. ఆ పట్టీ వేసి లాగి ఉంటే ఏమయ్యేదని నేను అడిగాను. "ఏమీ కాకపోవచ్చు. లేదా చాలా ఘోరం జరిగి ఉండొచ్చు" అంది డాక్టరమ్మ.

మాస్టారికి మందు ఎక్కిస్తూ ఉండగానే మా ఇద్దర్నీ తన గదికి పిలిచింది. టేబులు మీద ప్లాస్టిక్ మెడ ఒకటి ఉంది. ఎముకలు ఒకదాని మీద ఒకటి గుచ్చి, పైన పుర్రె పెట్టారు. ఎముకల పక్క రంధ్రాల్లోంచి ఎర్ర రబ్బరు గొట్టం కిందినుంచి పైకి దూరి, పుర్రెకి కాస్త కింద మలుపు తిరిగి లోపలికి పోయింది. డాక్టరమ్మ పుర్రెని కొద్దిగా తిప్పి చూపించింది. ఆ మలుపు దగ్గర గొట్టం సాగింది.

"ఇది చీలితే అక్కడ రక్తం గడ్డకడుతుంది. ఆ గడ్డ ముక్క పైకి పోతే మెదడులో దారి మూసుకుపోతుంది. చాలా అరుదుగా జరుగుతుంది. ఇన్ని మెడల్లో ఏ ఒక్కదానికో" అంది.

"అంత దగ్గరుంటుందా..." అన్నాడు మా బావ, తనలో తను. ఇన్నేళ్ళు తన అరచేతుల మధ్య తిరిగినదేంటో అప్పుడే చూశాడు ఆయన.

"ఒక మాట వినండి. ఆయనకి నొప్పి మీ దగ్గరికి రాకముందే వచ్చింది కదా? అప్పటికే కొంచెం చీలి ఉండొచ్చు. ఆ నొప్పికే మీ దగ్గరికి వచ్చి ఉండొచ్చు. చీలినవాళ్ళు నొప్పికి మెడ తిప్పించుకుంటారో, తిప్పించుకున్నందుకు చీలుతుందో, ఏది ముందో ఇంకా ఎవరం తేల్చలేకపోయాం. అందుకే ప్రతి ఒక్కరినీ అడుగుతున్నాను."

"అంటే నేను చెయ్యలేదంటారా అమ్మా?"

"తెలియదంటున్నాను."

తప్పు నీదేనంటే మా బావ తల వంచుకుని నిలబడేవాడు, కాదంటే ఇంటికొచ్చి కడుపునిండా తినేవాడు. తెలియదంటే మనిషి ఎక్కడ నిలబడాలి? డాక్టరమ్మ ప్లాస్టిక్ మెడని ఆయన ముందుకి జరిపి, ఎలా తిప్పారో దీని మీద చూపించమంది. మా బావ రెండు చేతులూ చంకల్లో దాచుకున్నాడు. నోటితోనే చెప్పాడు.

"ఒక్కో పక్క ఒక్కోసారి అమ్మా. రోజూ చేసేట్టే."

నేను ఆయన వంక చూశాను. ఆయన నా వంక చూడలేదు. ఎడమ పక్క మళ్ళీ తిప్పాడని నాకు తెలుసు. తెలిసీ నోరెత్తలేదు. అంత చెప్పడానికే ఆయన పడ్డ పాట్లు చూశాక ఇంకొంచెం కూడా చెప్పమనడానికి నాకు నోరు రాలేదు.

బయట వరండాలో మాస్టారి భార్య బల్ల మీద కూర్చుని ఉంది. అరుస్తుందనుకున్నాను, శాపనార్థాలు పెడుతుందనుకున్నాను. పెట్టినా పడదామనే ఉన్నాం. ఆవిడ లేచి నిలబడి, "రేపటి నుంచి మీరు రాకండి, మేస్త్రీ" అంది. అన్నయ్యగారూ అన్న నోటితో మేస్త్రీ అంది. మా బావకి ఆ పిలుపు చాలు.

ఆ కబురు ఊరంతా తెలిసిపోయింది. ఎవరూ కేసు పెట్టలేదు, ఎవరూ దుకాణం మూయించలేదు. జనమే తగ్గిపోయారు. మెడ తిప్పనంటే కొందరికి కోపం, తిప్పినవాడని కొందరికి భయం. బెంచీ ఖాళీ. కండక్టరు మాత్రం అప్పుడప్పుడూ వచ్చి కూర్చునేవాడు, పేపరు చదువుకుని వెళ్ళేవాడు. ఒకనాడు ఎవరో కుర్రవాడు వచ్చి మెడ తిప్పమని పట్టుబడితే, కండక్టరే లేచి "ఆ బస్సు ఆగిపోయిందిలే, దిగు" అన్నాడు. మా బావ లోపలికి పోయి నీళ్ళు తాగాడు.

వానలు వెలిశాక ఒక పొద్దున, చేతికర్ర చప్పుడు వినిపించి బయటికి వచ్చి చూస్తే మాస్టారు. ఒక్కడే, గోడ పట్టుకుని, మెల్లగా. నేను పరుగెత్తి చెయ్యి అందించబోతే "వద్దమ్మా, ఇక్కడిదాకా వచ్చినవాణ్ణి ఆ కుర్చీ దాకా రాలేనా" అన్నాడు. ఇంట్లో చెప్పకుండా వచ్చినట్టు ఆయన చెప్పక్కర్లేకుండానే తెలుస్తోంది. మా బావ తువ్వాలు పట్టుకుని బొమ్మలా నిలబడిపోయాడు.

"ఏం మేస్త్రీ, గడ్డం గీస్తావా, పక్క సెలూనుకి పొమ్మంటావా?"

గుడ్డ కట్టాడు, నురగ రాశాడు. నేను వెళ్ళలేక గుమ్మంలోనే నిలబడ్డాను. కత్తి మొదలయ్యాక మాస్టారే, "అది నీ తప్పని నేననుకోలేదు. నొప్పి నాది, తిప్పమన్నది నేను. అందుకే లేదన్నాను" అన్నాడు. మా బావ కత్తి ఆడిస్తూనే ఉన్నాడు. "అరుదుగా జరుగుతుందన్నారట కదా. పిల్లలకి నేను చెప్పేది అదే. ఎంత చిన్న సంఖ్యయినా సున్నా కాదు. నాకే తగులుతుందని ఎవరనుకుంటారు?"

అప్పుడు తెగింది. ఎడమ చెంప మీద. ఇన్నేళ్ళ పనిలో మా బావ కత్తి ఎవరినీ కొయ్యడం నేనెరగను. నురగలో ఎర్రగా గీత వచ్చింది, గీత జారింది. ఆ రక్తం పలచబరిచే మందు వల్ల ఆగడం లేదు. మా బావ పటిక తీసి అద్దాడు. పటిక తగిలితే ఎంతటివాడైనా "ఉస్" అంటాడు. మాస్టారు అనలేదు. అద్దంలోకి చూస్తూ, "ఆగావేంటి?" అన్నాడు.

"తెగింది మాస్టారూ."

"అవునా? నాకు తెలియలేదే. నువ్వు చెప్పకపోతే తెలిసేదే కాదు."

మా బావ పటిక అలాగే అదిమి పట్టుకున్నాడు. "ఇంకోటి కూడా ఉంది మాస్టారూ. అది కూడా నేను చెప్పకపోతే మీకు తెలియదు" అన్నాడు. ఆ మాట ఆయన నోట్లోంచి వస్తుందని నేను కలలో కూడా అనుకోలేదు. "ఎడమ పక్క మళ్ళీ తిప్పాను చూడండి. అది మీ నొప్పి కోసం కాదు. మొదటిసారి మోగలేదు, అందుకు. మీరప్పుడే నొప్పికి అబ్బా అన్నారు. నేను విన్నాను. విని కూడా తిప్పాను."

మాస్టారు అద్దంలో ఆయన్ని చూస్తూ ఉండిపోయాడు. వాలిన రెప్ప కింద ఆ కన్ను ఏమనుకుంటోందో నాకు అందలేదు. "డాక్టరమ్మకి ఇది చెప్పావా?" అని అడిగాడు.

"లేదు."

"లెక్క తప్పు చేస్తే పర్లేదు మేస్త్రీ. తప్పు లెక్కని రైటని ఇచ్చేస్తే ఆ తర్వాత దాని మీద చేసేవన్నీ తప్పే. వెళ్ళి చెప్పు." తర్వాత, "సబ్బు ఆరిపోతోంది, ఆ మిగతాది కానియ్యి" అన్నాడు. క్షమించాననలేదు. గడ్డం అయ్యాక గుడ్డ విప్పుతుంటే పాత అలవాటు కొద్దీ తల వెనక్కి వాల్చబోయి, తనే సర్దుకుని లేచాడు. గుమ్మం దాటేటప్పుడు వెనక్కి చూడలేదు.

మర్నాడు మేమిద్దరం దుకాణాలు మూసి ఆసుపత్రికి వెళ్ళాం. డాక్టరమ్మ మా బావని గుర్తుపట్టి కూర్చోమంది. ఆయన కూర్చోలేదు. టేబులు మీది ప్లాస్టిక్ మెడని అడక్కుండానే దగ్గరికి లాక్కున్నాడు. ఒక అరచెయ్యి దవడ కింద, ఇంకోటి పుర్రె వెనక. అన్నాళ్ళుగా దాచుకున్న చేతులకి ఇట్టే వాటి చోటు దొరికింది.

"కుడి పక్క ఇలా అమ్మా. ఎడమ పక్క ఇలా." ఆగాడు. పట్టు సరిచేసుకున్నాడు. "తర్వాత ఎడమ పక్కే మళ్ళీ. ఇంత గట్టిగా."

ఎర్ర గొట్టం మలుపు దగ్గర నొక్కుకుపోయింది. డాక్టరమ్మ దాని వంక చూసి, మా బావ ముఖంలోకి చూసింది.

"మళ్ళీ ఎందుకు తిప్పారు?"

ఆయన చేతులు ఇంకా ఆ మెడ మీదే ఉన్నాయి.

"బెంచీ మీద జనం ఉన్నారమ్మా" అన్నాడు మా బావ.